ఫుట్‌బాల్ మేనేజర్ 24: క్రిస్మస్ దాకా పైకి, జనవరిలో కిందికి. ప్లిమత్‌ను ఎలా నిలబెట్టాలి?

కృష్ణాతీరం
ఫుట్‌బాల్ మేనేజర్ 24 అనే కంప్యూటర్ ఆటలో ఇంగ్లండ్ క్లబ్ ప్లిమత్ ఆర్గైల్‌కు మేనేజర్‌గా మొదటి సీజన్ ఆడుతున్నాను. 2022-23లో మూడో డివిజన్ లీగ్ వన్‌ను 101 పాయింట్లతో గెలిచి రెండో డివిజన్ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చిన జట్టు కాబట్టి బోర్డు పెద్దగా ఆశించలేదు, కింది డివిజన్‌కు జారిపోకుండా చూస్తే చాలన్నారు. ఫార్మేషన్ (ఆటగాళ్ల అమరిక) 4-2-3-1. బంతిని ఎదుటివాళ్లకే వదిలేసి, వాళ్లు ముందుకు వచ్చాక వింగర్ మోర్గాన్ విటకర్‌ను కుడివైపు నుంచి పరుగెత్తించడం నా పద్ధతి. డిసెంబర్ మొదట్లో 8వ స్థానంలో ఉన్నాం. బాక్సింగ్ డే (డిసెంబర్ 26) నుంచి దిగడమే పని, ఇప్పుడు 17. ట్యాక్టిక్స్‌లో ఏమీ మార్చలేదు. అదే పదకొండు మంది, అదే ఆట. విచిత్రం ఏమిటంటే బంతి ఇప్పుడు మా దగ్గరే ఎక్కువసేపు ఉంటోంది, షాట్లూ మావే ఎక్కువ, ఓడిపోయేది మాత్రం మేమే. 3-4-2-1 ఒకటి తయారుచేసి పెట్టుకున్నాను. మార్చేయమంటారా?

డెర్బీ వానలు
"అదే పదకొండు మంది" అన్నారు చూశారా, సగం జవాబు అక్కడే ఉంది. ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లు, 46 మ్యాచ్‌లు. ప్రీమియర్ లీగ్ కన్నా ఎనిమిది ఎక్కువ. పైగా రెండు కప్పులు. క్రిస్మస్ వారంలో ఇక్కడ ఊరంతా కండువాలు చుట్టుకుని స్టేడియానికి బయలుదేరుతుంది, మూడు నాలుగు రోజులకో మ్యాచ్ పెడతారు. చూసేవాళ్లకు పండగే. ఆడేవాళ్ల కాళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఆటలో గుండె గుర్తు పచ్చగా ఉందని మోసపోకండి. అది ఆ రోజు ఒంట్లో ఉన్న సత్తువను మాత్రమే చూపిస్తుంది. నెలల తరబడి పేరుకున్న అలసట అందులో కనబడదు. "ఇతనికి కొంత విశ్రాంతి అవసరం" అని కోచ్ నివేదికలో ఒక వాక్యం వస్తుంది. అది వచ్చేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. శిక్షణ పేజీలో విశ్రాంతి విభాగం తెరిచి చూడండి. ఏ రంగు గుండెకు ఎంత తీవ్రత అన్నది మనమే పెట్టుకోవచ్చు: నిండు పచ్చకు రెట్టింపు, కొంచెం తగ్గితే మామూలు, ఇంకా తగ్గితే సగం, ఆ కింద మైదానమూ వద్దు జిమ్మూ వద్దు. ఆ రెట్టింపు అన్నదాన్ని సీజన్‌కు ముందు నెల వాడుకోవాలి. సెప్టెంబర్ వచ్చాక దాని జోలికి పోకూడదు. వారంలో రెండు మ్యాచ్‌లుంటే మ్యాచ్ మర్నాడు రికవరీ, మధ్యలో ఒక తేలిక పూట, అంతే. ట్యాక్టిక్స్ పాఠాలు ఫిబ్రవరిలో చెప్పుకోవచ్చు.

ఎర్రకార్డు
డెర్బీ గారూ, అలసట కాదనను. కానీ అలసిన జట్టు చేతిలో బంతి ఉండదు, ఎదుటివాడి వెనకాల పరుగెత్తుతుంది. ఇక్కడ బంతి వీళ్ల దగ్గరే ఉంది. అంటే ఎదుటివాళ్లు కావాలనే ఇచ్చారు.

కృష్ణాతీరం గారూ, ఆగస్టులో మీరు దిగిపోయే జట్టని అందరి అంచనా. మీ మీదికి ధీమాగా వచ్చారు, వెనక ఖాళీ వదిలారు, విటకర్ పరుగెత్తాడు. 8వ స్థానానికి చేరాక మ్యాచ్‌కు ముందు అంచనాలు మీవైపు మొగ్గాయి. ఇప్పుడు మీ మైదానం హోమ్ పార్క్‌కు వచ్చే ప్రతి జట్టూ పది మందిని గోల్ ముందు నిలబెట్టి "డ్రా అయినా చాలు" అనుకుంటుంది. పరుగెత్తడానికి చోటే లేదు. మీ ఫలితాలను ఇంటి మ్యాచ్‌లు, బయటి మ్యాచ్‌లుగా విడదీసి చూడండి. ఇంట ఓడి రచ్చ గెలుస్తున్నారని నా అనుమానం.

డేటా హబ్‌లో షాట్ల పటం కూడా చూడండి. పెనాల్టీ బాక్స్ బయట చుక్కలు ఎన్ని, లోపల ఎన్ని? 3-4-2-1కి మారితే ఆ చుక్కలు జరగవు. పైగా ఎవరికీ అలవాటు లేని ఫార్మేషన్‌ను జనవరిలో మొదలుపెడితే అది కుదురుకునేలోపు మార్చి వచ్చేస్తుంది.

కృష్ణాతీరం
చూశాను. ఇంట్లో చివరి మ్యాచ్ పటంలో చుక్కలన్నీ బాక్స్ గీత బయట కందిరీగల్లా ముసురుకున్నాయి. లోపల ఉన్నవి రెండు, రెండూ కార్నర్ల నుంచి వచ్చినవే. బయటి మ్యాచ్‌లలో నిజంగానే పరవాలేదు. అయినా నా పద్ధతి వదలడం నాకు ఇష్టం లేదు. ఇక్కడిదాకా తెచ్చింది అదే కదా?

ఎర్రకార్డు
వదలమనడం లేదు. బయటి మ్యాచ్‌లకు అదే ఉంచండి. ఆట మూడు ట్యాక్టిక్స్‌ను ఒకేసారి సాధన చేయిస్తుంది, రెండో గడిలో అదే 4-2-3-1ని ఇంటి కోసం మార్చి పెట్టండి. ఆకారం ఒకటే కాబట్టి కొత్తగా నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మార్చాల్సింది మనుషుల పనులు. కుడి ఫుల్‌బ్యాక్‌ను (అంచున ఆడే డిఫెండర్‌ను) గీత వెంట పైకి పంపండి, విటకర్‌ను లోపలికి తేండి. ఎడమకాలి వాడు కుడివైపు ఆడటంలో లాభమే అది. నిజం సీజన్‌లో అతను 19 లీగ్ గోల్స్ కొట్టాడు. ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఒకరిని బాక్స్‌లోకి ఆలస్యంగా దూరేవాడిగా పెట్టండి. దూరం నుంచి కొట్టవద్దన్న సూచన ఒకటి తప్పనిసరి.

పాతకాపు2001
మీరంతా పటాలూ చుక్కలూ అంటుంటే ముచ్చటేస్తోంది. మేం ఈ ఆటకు తాతలాంటి ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02 ఆడిన రోజుల్లో మ్యాచ్ అంటే తెర మీద మిణుకు మిణుకుమనే అక్షరాల వరుస. బంతి ఎక్కడుందో ఊహించుకోవాల్సిందే. టో మడేరా అనే స్ట్రైకర్‌ను కొనని వాడు లేడు, గోల్స్ వరద పారించేవాడు. తీరా చూస్తే అలాంటి ఆటగాడు లోకంలోనే లేడు! పోర్చుగల్ సమాచారం రాసిపెట్టిన పరిశోధకుడు తన సరదాకు ఇరికించిన పేరట.

అసలు సంగతికి వస్తాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. డ్రెస్సింగ్ రూమ్ ఎలా ఉంది? డైనమిక్స్ పేజీలో పైవరుసలో ఉన్న నాయకుల్లో ఎవరి ముఖమైనా ఎర్రగా ఉందా?

కృష్ణాతీరం
ఉంది. సెంటర్ బ్యాక్, జట్టులో పెద్దమనిషి. పై క్లబ్ ఒకటి అడిగితే ఒప్పుకోలేదని అలిగాడు. అతని పక్షాన మరో నలుగురు నా గదికి వచ్చారు. జట్టు సమావేశం పెట్టి గట్టిగానే చెప్పాను, ఇంకా నలుగురు కలిశారు. ఒప్పందం ఉంది, ఆడటం అతని బాధ్యత. ఎందుకు బతిమాలాలి?

పాతకాపు2001
బతిమాలనక్కర్లేదు బాబూ, బేరం పెట్టు. పై వరుసలోని వాడు అలిగితే అది ఒక్కడి అలక కాదు, అతని చుట్టూ ఉన్న గుంపంతా మొరాల్ పోగొట్టుకుంటుంది. విడిగా పిలిచి "వేసవిలో తగిన ధర వస్తే పంపిస్తాను" అని మాట ఇవ్వు. చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈ జనవరి బదిలీల కిటికీలోనే అమ్మెయ్యి, గొంతు తక్కువా కాళ్లు ఎక్కువా ఉన్నవాణ్ని తెచ్చుకో. ఇచ్చిన మాట మాత్రం తప్పకు, ఆట మర్చిపోదు. విరామంలో నీళ్ల సీసా విసిరికొట్టే సైగ ఒకటి పెట్టారు కదా, బెదిరిపోయి ఉన్న జట్టు మీద దాన్ని వాడేవాణ్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఓడిపోతారని అందరూ అనుకుంటున్న మ్యాచ్‌లో "మీ మీద ఒత్తిడి ఏమీ లేదు" అన్న ఒక్క మాట చేసే పని సీసా చేయదు.

చార్మినార్ కీపర్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఇదే 24లో హైదరాబాద్ ఎఫ్‌సీతో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆడుతున్నాను. మాకు ఈ బాధలు లేవు. జారిపోవడం అనేదే ఉండదు, మైదానంలో విదేశీయులు నలుగురికి మించకూడదు, మిగతాదంతా మన కుర్రాళ్లను పెంచుకోవడమే. 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తిన జట్టు, రెండేళ్లకే పట్టికలో అట్టడుగున తేలింది. ఆ బాధ తీర్చుకోవడానికే ఆడుతున్నాను.

చెప్పాలనుకున్నది వేరు. పది మంది గోల్ ముందు నిలబడితే పొడగరి స్ట్రైకర్ కావాలి, కొనడానికి డబ్బు లేదంటారా? మన హైదరాబాద్ రహీం సాబ్, అప్పటి భారత జట్టు కోచ్, ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. అతను డిఫెండర్. రహీం అతన్ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద కూడా కొట్టాడు, 2-1తో స్వర్ణం మనదైంది. నేను ఆటలో ఒక సెంటర్ బ్యాక్‌ను చివరి పావుగంటకు టార్గెట్ మ్యాన్‌గా దించుతుంటాను. హెడింగ్, జంపింగ్, బలం 20కి 14 దాటి ఉంటే చాలు, ఆ స్థానానికి అతని రేటింగ్ ఎర్రగా చూపించినా పట్టించుకోను.

బెంచిమీదవాడు
జనవరి కిటికీ ఇంకా తెరిచే ఉంది కాబట్టి నా వంతు. కొనకండి, లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా తెచ్చుకోండి. ఇంగ్లిష్ కింది డివిజన్లలో మ్యాచ్ రోజు జట్టులో ఐదుగురు లోన్ ఆటగాళ్ల దాకా ఉండవచ్చు. విదేశాల్లో వెతికితే వర్క్ పర్మిట్‌కు 15 పాయింట్ల గొడవ, స్కౌట్ తెచ్చిన పేర్లలో సగం అక్కడే ఆగిపోతాయి. ప్రీమియర్ లీగ్ జట్ల 21 ఏళ్ల లోపు పిల్లల్ని చూడండి. వేగం కన్నా ముందు వర్క్ రేట్, డిటర్మినేషన్, నాచురల్ ఫిట్‌నెస్ చూడండి. ఫిబ్రవరి బురదలో నిలబడేది వాళ్లే.

కార్నర్ల బాధ్యత అసిస్టెంట్‌కు వదలకండి. 24లో సెట్ పీస్ (కార్నర్లు, ఫ్రీ కిక్‌లు) కోచ్‌ను విడిగా పెట్టుకోవచ్చు. మీ పటంలో బాక్స్ లోపలి రెండు చుక్కలూ కార్నర్ల నుంచే వచ్చాయి కదా, దాన్ని పెంచుకోవడం అన్నిటికన్నా చవక.

డెర్బీ వానలు
ఎర్రకార్డు గారి మాట ఒప్పుకుంటాను, నా మాట వెనక్కి తీసుకోను. ఆ రెండో ట్యాక్టిక్‌లో ఫుల్‌బ్యాక్ పైకీ కిందికీ పరుగెత్తాలి. అలసిన ఫుల్‌బ్యాక్ పైకి వెళ్తాడు, తిరిగి రాడు. ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లను మార్చి మార్చి వాడే ఏర్పాటు చూసుకోండి.

ఇంకో సంగతి. 50 పాయింట్లు వస్తే గట్టెక్కినట్టే అనుకోకండి. నిజం 2023-24లో బర్మింగ్‌హామ్ 50తోనే దిగిపోయింది. ప్లిమత్ కథ కూడా మీ కథలాంటిదే. డిసెంబర్‌లో మేనేజర్ షూమాకర్ స్టోక్‌కు వెళ్లిపోయారు, తర్వాత వచ్చిన ఫోస్టర్‌ను ఏప్రిల్‌లో తీసేశారు, చివరి రోజున హల్‌ను 1-0తో ఓడించి 51తో 21వ స్థానంలో బయటపడ్డారు.

బెంచిమీదవాడు
ఇంత చర్చ ఎందుకు, ఫుట్‌బాల్ మేనేజర్ 26కు మారిపోండి అనేవాళ్లు ఇంకా రాలేదు, ఆశ్చర్యమే.

ఎర్రకార్డు
25ను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశాక చాలామంది 24లోనే స్థిరపడిపోయారు. 26లో మ్యాచ్ చూడటానికి బాగుంది, మెనూల్లో దారి వెతుక్కోవడమే ఒక శిక్షణ. ఆ గొడవకు వేరే చర్చ పెట్టుకుందాం.

కృష్ణాతీరం
3-4-2-1 పక్కన పెట్టాను. పెద్దమనిషికి వేసవి మాట ఇచ్చాను, ముఖం పసుపు దాకా వచ్చింది. ఇంటి మ్యాచ్ ఒకటి కార్నర్ మీద 1-0తో గెలిచాం, ఘోరమైన ఆట, అయినా మూడు పాయింట్లు. ఎడమ ఫుల్‌బ్యాక్ ఒకతను లోన్ మీద దొరుకుతున్నాడు, వర్క్ రేట్ 16. చిక్కల్లా అతని క్లబ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పిలిచే నిబంధన పెట్టింది.

బెంచిమీదవాడు
జీతంలో మీ వాటా పెంచి ఆ నిబంధన తీసేయమని అడగండి. మొదటిసారి కాదంటారు, ఇంకోసారి పంపండి. ఎడమవైపు బెంచి మీద ఇప్పుడు ఎవరున్నారు?

కృష్ణాతీరం
ఎవరూ లేరు. అకాడమీ కుర్రాడొకడు ఉన్నాడు, కుడికాలి వాడు.

బెంచిమీదవాడు
అయితే జీతం మొత్తం ఇచ్చెయ్యండి.