సమస్యాపూరణం: నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

నిర్వాహకుఁడు:
మిత్రులకు నమస్కారం. ఆఫ్రికా పడమటి తీరానికి ఆవల ఉన్న దీవుల దేశం కేప్ వెర్డే. దాని ఫుట్‌బాల్ జట్టును ఆ దేశస్థులు నీలిసొరలని పిలుచుకొంటారు. 2025 అక్టోబరు 13న తమ రాజధాని ప్రాయా నగరంలో మరో ఆఫ్రికా దేశమైన ఎస్వాతినీని 3-0తో ఓడించి, ఆ జట్టు మొట్టమొదటిసారిగా ప్రపంచకప్‌కు అర్హత సంపాదించింది. ఆ వార్త చదువుతూ ఉండగా ఈ పాదం దానంతట అదే నోటికి వచ్చింది. దీనికి ముందు మూడు పాదాలు చేర్చి తేటగీతి పద్యంగా చేసే పూరణ ఆ జట్టు చరిత్రను దాటి పోకూడదన్నదొక్కటే నియమం. సముద్రాన్నీ సొరచేపలనూ వర్ణించి ఊరుకొనే పద్యాలను ఈసారి స్వీకరించను.

నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

గోదారిగట్టు:
ఐదు లక్షల జనముతో నబ్ధి నడుమ
పదియె దీవుల చిఱునాడు బంతియాట
మల్లులగు కేమరూనుల మట్టుపెట్టి
నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

కేమరూన్‌ను ఈ జట్టు రెండు మార్లు దెబ్బతీసింది కనుక పద్యం రెండింటికీ వర్తిస్తుంది. 2012లో ప్రాయాలో 2-0తో గెలిచి, కేమరూన్ రాజధాని యావుండేలో 1-2తో ఓడినా మొత్తం మీద పైచేయి సాధించి, తొలిసారి ఆఫ్రికా కప్‌కు వెళ్ళింది. 2025 సెప్టెంబరులో అదే ప్రాయాలో 1-0తో గెలిచి ప్రపంచకప్ దారి సుగమం చేసుకొంది.

యతిమతి:
గోదారిగట్టు గారూ, మొదటి పాదంలో ఐకారానికి అకారంతో వేసిన యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదిర్చిన మైత్రి, ముచ్చటగా ఉంది. రెండవ పాదంలో "చిఱునాడు" మాత్రం క్రియ లేక గాలిలో వేలాడుతున్నది. "చిఱునాటి" అంటే లఘుగురువుల కూర్పైన గణం చెడదు, అన్వయం కుదురుతుంది. ఇక చరిత్ర మాటకు వస్తే, ఒక్క కేమరూన్‌ను చెప్పి ఊరుకొన్నారు. 2013 ఆఫ్రికా కప్‌లో తొలి అడుగులోనే దక్షిణాఫ్రికాతోనూ మొరాకోతోనూ సమానంగా నిలిచి, అంగోలాపై వెనుకబడి కూడా చివరి క్షణాల్లో హెల్డన్ గోలుతో 2-1గా గెలిచి క్వార్టర్ ఫైనల్ చేరిన జట్టు అది. శిక్షకుడు లూసియో ఆంటునెస్ వృత్తిరీత్యా విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగి. అటువంటి మనిషి చేతిలో పెరిగిన జట్టును చెప్పడానికి "మట్టుపెట్టి" అన్న పాత యుద్ధపు మాట సరిపోలేదు.

గోదారిగట్టు:
"చిఱునాటి" సవరణను శిరసావహిస్తున్నాను. "మట్టుపెట్టి"ని వదలను, ఎందుకంటే ఆ కేమరూన్ 1990లో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ ఆడిన జట్టు. అంతటి జట్టును ఇంటికి పంపడానికి మెత్తని మాటలు చాలవు.

సిరిమువ్వ:
పుట్టె నొకఁ డేమొ డబ్లిను పురమునందు
లేఖ వచ్చిన నకిలీగ లెక్కవెట్టె
మరలఁ బిలువంగఁ దండ్రిదౌ మట్టిఁ జేరె
నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

నిర్వాహకుఁడు:
సిరిమువ్వ గారి పద్యం తెలిసినవారికి నవ్వు తెప్పిస్తుంది. తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. రాబర్టో లోపెస్ డబ్లిన్‌లో పుట్టి షామ్రాక్ రోవర్స్‌కు ఆడుతున్న రక్షకుడు, తండ్రిది కేప్ వెర్డే. అప్పటి జాతీయ శిక్షకుడు రూయి ఆగ్వాస్ ఆయనకు లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసు భాషలో సందేశం పంపితే, అది ఏదో చెత్త సందేశమనుకొని లోపెస్ పట్టించుకోలేదు. కొన్ని నెలల తరువాత మళ్ళీ అడిగినప్పుడే విషయం బోధపడి ఒప్పుకొన్నాడు. బతుకుతెరువు కోసం తరతరాలుగా ఓడలెక్కి వెళ్ళిపోయినవారి బిడ్డలను అలా వెదికి పిలుచుకొనే ఈ జట్టు నిలబడింది. "తండ్రిదౌ మట్టి" అన్న పదబంధం ఆ వలస కథనంతా మోస్తున్నది.

పాదచారి:
పద్యం బాగున్నది. కాని మూడు పాదాల్లో ఒక్కడు ఉన్నాడు, నాలుగవ పాదంలో జట్టు ఉన్నది, రెండింటికీ నడుమ వంతెన లేదు. లోపెస్ చేరడం వల్లనే సొరలు గెలిచాయని అన్వయించుకోవాలా?

సిరిమువ్వ:
"చేరెన్" అని ద్రుతంతో చదువుకొని ఒక్క నిమిషం ఆగితే వంతెన కనిపిస్తుంది, పాదచారి గారూ.

బెజవాడబాబాయి:
లివ్రమెంటోయె తొలి గోలు లీలఁ గొట్టె
సెమెడొ రెండవ గోలునుఁ జేర్చె వెంట
స్టొపిర మూడవ గోలుతో ముగియఁ జేసె
నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

విరామం దాకా ఒక్క గోలూ లేదు. 48వ నిమిషంలో లివ్రమెంటో, 54వ నిమిషంలో విల్లీ సెమెడో, ఆట ముగిసే వేళ చేర్చిన నిమిషాల్లో స్టోపిరా కొట్టారు. ఉన్నది ఉన్నట్టు పద్యంలో పెట్టాను.

యతిమతి:
బాబాయి గారూ, సెకారానికి జేకారం వేసి రెండవ పాదాన్ని అంత చక్కగా నిలబెట్టినవారు మూడవ పాదంలో "స్టొ"కు "ము" ఎలా వేశారు? అచ్చు కలిసినంత మాత్రాన హల్లు కలవదు. 37 ఏళ్ళ వయసులో దేశానికి ఆఖరి గోలు కొట్టిన స్టోపిరాకు యతిభంగంతో సన్మానం చేయడం న్యాయం కాదు. "శోభఁ గూర్చె" అంటే సరిపోతుంది.

పాదచారి:
"టోపి పెట్టె" అన్నా సరిపోతుంది, యతిమతి గారూ. సంయుక్తంలోని టకారానికి ఇంతకన్నా దగ్గరి బంధువు దొరకదు. అప్పటికే కుదేలైన ఎస్వాతినీకి అర్థం కూడా కుదురుతుంది.

బెజవాడబాబాయి:
"శోభఁ గూర్చె" తీసుకొంటాను. టోపీ పాదచారి గారికే ఉండనివ్వండి, ఎండలో నడిచేవారికి పనికివస్తుంది.

యతిమతి:
గడ్డి యెచ్చట మొలచును? కడలి నెట్లు
దాటవచ్చును? ప్రాయలోఁ దలపడంగ
నేమి జరిగెను? చెప్పుమా యెవరు వారు?
నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

ప్రశ్నలకు వరుసగా జవాబులిచ్చే క్రమాలంకారంలో పూరించాను. ప్రశ్నలు నాలుగు, జవాబులు నాలుగు, సమస్యలోని ఒక్క అక్షరం కూడా వృథా కాలేదు.

నిర్వాహకుఁడు:
విరుపు చాలా సాఫీగా వచ్చింది. "ఈఁది" అన్న అసమాపక క్రియను ఇంత సునాయాసంగా జవాబుగా మార్చడం యతిమతి గారికే చెల్లింది.

పాదచారి:
చెల్లింది నిజమే. కాని ఈ పద్యంలో ప్రాయా తీసి ఇంకొక ఊరు పెడితే మరో దేశపు జట్టుకూ అంతే అందంగా సరిపోతుంది. నిర్వాహకులు పెట్టిన నియమం చరిత్ర చెప్పమని. ఈ వేదిక మీద జాంబియాపై సమస్య వచ్చినప్పుడు కూడా యతిమతి గారు అలంకారాన్ని పట్టుకొని చరిత్రను వదిలేశారు. 1993లో గబాన్ రాజధాని లిబ్రవిల్ దగ్గర సముద్రంలో విమానం కూలి జట్టంతా పోయిన చోటనే, 2012లో జాంబియా ఆఫ్రికా కప్ గెలిచింది. 120 నిమిషాలు ఆడినా గోలు లేక, పెనాల్టీల్లో 8-7తో ఐవరీ కోస్ట్‌పై తేలిన ఆ ఫైనల్‌లో వారు "మెరుపు గోలు" ఒకటి వేయించారు. యమకం బాగున్నదని అందరూ చప్పట్లు కొట్టారు, గోలు ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. నా పూరణ ఇది.

ఆట గెలిచిరి ట్యునిషియా యందు నాఁడు;
కాగితమ్మున నోడిరి కట్టుబడక;
పుష్కరమ్మయి వచ్చిన పుణ్యవేళ
నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

2013 సెప్టెంబరులో ట్యునీషియా గడ్డపైనే కేప్ వెర్డే 2-0తో గెలిచి, 2014 ప్రపంచకప్ అర్హతకు చివరి అంచె దాకా వచ్చింది. అయితే మార్చిలో ఈక్వటోరియల్ గినీతో ఆటలో ఎర్ర కార్డు చూసి నిషేధంలో ఉన్న ఫెర్నాండో వరేలాను ఆ ఆటలో దించారని తేలడంతో, ఫీఫా ఆ గెలుపును రద్దు చేసి 3-0గా ట్యునీషియాకు రాసిచ్చింది. ఆ వరేలాయే అదే ఏడాది జనవరిలో అంగోలాపై స్కోరు సమం చేసి జట్టును క్వార్టర్ ఫైనల్ దారిలో పెట్టినవాడు. 2013 నుండి 2025కు లెక్క వేస్తే సరిగ్గా పన్నెండేళ్ళు.

గోదారిగట్టు:
పుష్కరం వేసిన తీరుకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఈత ఉన్నచోట స్నానం ఉంటుంది, స్నానం ఉన్నచోట పుష్కరం ఉంటుంది. గోదావరి ఒడ్డున పుట్టి ఆ మాట నాకు తోచనందుకు మాత్రం కడుపుమంటగా ఉంది.

సిరిమువ్వ:
ఇందులో ఇంకొక మెలిక మిగిలిపోయింది. వరేలా ఎర్ర కార్డు చూసిన ఆ ఆటను ఈక్వటోరియల్ గినీ 4-3తో గెలిచింది. వాళ్ళు అర్హత లేని ఆటగాడిని దించారని ఫీఫా దానిని కూడా రద్దు చేసి, కేప్ వెర్డేకు 3-0గా ఇచ్చింది. అంటే మొదట కాగితం పెట్టింది, ఆరు నెలల్లో కాగితమే లాక్కొంది. పెట్టిన సంగతి కూడా పద్యంలో ఉండవలసింది.

పాదచారి:
తేటగీతికి నాలుగే పాదాలు, అమ్మా. అందులో ఒకటి నిర్వాహకులది.

యతిమతి:
పాదచారి గారి పుష్కరం నాకూ నచ్చింది. వానే అరుదైన ఆ దీవుల్లో పుష్కరానికి నది ఎక్కడ దొరికిందని అడగను. నా అభ్యంతరాలు రెండు. "గెలిచిరి" తరువాత "ట్యు" అన్న సంయుక్తం వచ్చినందువల్ల "రి" గురువవుతుందా కాదా అన్నది ఒకటి. "గెలిచిరి, ఓడిరి" అని రెండు పాదాలు మనుషులను నడిపి, చివరకు "గెలిచెను" అని చేపలను తేవడం రెండవది. చరిత్ర చెప్పమని పరులను నిలదీసేవారు తమ పద్యంలో కర్త ఎవరో ముందుగా తేల్చుకోవాలి.

బెజవాడబాబాయి:
మొదటిదానికి జవాబు నేనే చెబుతాను. "రి" లఘువైతే ఆ గణం నాలుగు లఘువుల నలము, గురువైతే మూడు లఘువుల మీద గురువున్న నగము. రెండూ తేటగీతి ఆ చోట అడిగే ఇంద్రగణాలే కనుక ఎటు తిప్పినా పద్యం నిలబడుతుంది. యతిభంగమైతే తప్పించుకోలేనని ఇందాకే తెలిసింది, గణభంగానికి మాత్రం ఇక్కడ చోటు లేదు.

నిర్వాహకుఁడు:
రెండవ అభ్యంతరంలో బలం ఉన్నది. "గెలిచెను, ఓడెను" అని మార్చినా గణాలు చెడవు. పాదచారి గారు ఒప్పుకొంటే అలాగే సవరించి ఎంపిక చేసిన పూరణల్లో ఉంచుతాను.

పాదచారి:
సగమే ఒప్పుకొంటాను. ట్యునీషియాలో ఆడి గెలిచినవి సొరలే కనుక "గెలిచెను" అనండి. నిషేధపు కాగితం చూసుకోక ఓడినది మాత్రం సొరలు కావు, బల్లల ముందు కూర్చొన్న మనుషులు. అక్కడ "ఓడిరి" అనే ఉండాలి. యతిమతి గారు అడిగిన కర్త కూడా తేలిపోతాడు.

ఆట గెలిచెను ట్యునిషియా యందు నాఁడు;
కాగితమ్మున నోడిరి కట్టుబడక;
పుష్కరమ్మయి వచ్చిన పుణ్యవేళ
నేలపై నీఁది గెలిచెను నీలిసొరలు

యతిమతి:
ఇప్పుడు పద్యం నా అభ్యంతరం వల్ల బాగుపడిందని నిర్వాహకులు ఎంపిక పక్కన ఒక మాట రాయాలి.

నిర్వాహకుఁడు:
రాస్తాను. జాంబియా గోలు ఎవరు వేశారో మీరు చెప్పిన తరువాత.