సెవెన్ తరహా కిట్ కారుకు నీళ్ల పైపులు: హెడర్ ట్యాంకు ఎక్కడ పెట్టాలి, హీటర్ గొట్టం మూసేయవచ్చా?

కొవెంట్రీ_గ్యారేజీ
అందరికీ నమస్కారం. విడిభాగాలు తెచ్చి ఇంట్లో కట్టుకునే కిట్ కారు నాది. లోటస్ సెవెన్ (చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) తరహా ఛాసిస్‌లో మాజ్డా ఎంఎక్స్-5 వారి 1.8 ఇంజిన్ కూర్చుంది, గేర్‌బాక్సు కూడా బిగిసింది. ముక్కులో ఫోక్స్‌వాగన్ పోలో రేడియేటర్ పెట్టాను. ఇక మిగిలింది నీళ్ల పైపులే. నాలుగు సందేహాలున్నాయి. రేడియేటర్ పైఅంచు ఇంజిన్ హెడ్డు కంటే కిందికి ఉంది కాబట్టి హెడర్ ట్యాంకు (అన్నిటికంటే ఎత్తున ఉండి నీళ్లు నింపే, గాలి వదిలే ట్యాంకు) ఎక్కడ పెట్టి దేనికి కలపాలి? హీటర్ పెట్టడం లేదు, హెడ్డు వెనక నుంచి వచ్చే హీటర్ గొట్టానికి బిరడా వేసేయవచ్చా? సిలికాన్ గొట్టాలు మంచివా, మామూలు రబ్బరువా? ఫ్యాను స్విచ్చి రేడియేటర్‌లోకి నీళ్లు వచ్చే వైపు ఉండాలా, పోయే వైపా? వేసవిలోపు ఐవీఏ పరీక్షకు (ఇలాంటి కారును రోడ్డెక్కించే ముందు బ్రిటన్‌లో చేసే తనిఖీ) తీసుకెళ్లాలి.

బోరునీళ్లు
వీటన్నింటికంటే ముందు ఆ థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే వాల్వు) పీకి పారేయండి. హైదరాబాదులో మే నెల ఎండలో మా అంబాసిడర్ ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో నిలబడినా ముల్లు కదలదు. అయితే ఆ చోటు పూర్తిగా ఖాళీగా వదలకూడదు. నీళ్లు మరీ వేగంగా పరిగెత్తితే రేడియేటర్‌లో వేడి వదలడానికి వాటికి తీరిక ఉండదు. నడుమ చిల్లు పెట్టిన రేకు బిళ్ల ఒకటి వేయాలి. ఇది మా మేస్త్రీ చెప్పిన కిటుకు. ఆయన చేతి మీదుగా వెళ్లిన బండి ఒక్కటీ దారిలో ఆగలేదు.

టర్బైన్_తాతయ్య
బోరునీళ్లు గారూ, వేగంగా పోయే నీటికి వేడి వదిలే తీరిక ఉండదా? నేను ఉద్యోగమంతా థర్మల్ విద్యుత్ కేంద్రంలో కండెన్సర్ల (ఆవిరిని చల్లార్చి నీరు చేసే యంత్రాల) దగ్గర చేసినవాడిని. ప్రవాహం పెంచితే వేడి ఎక్కువ పోతుంది, తగ్గదు. ఒక చుక్క రేడియేటర్‌లో తక్కువ సేపు ఉంటుంది, నిజమే. ఇంజిన్‌లో కూడా తక్కువ సేపే ఉంటుంది కదా? ప్రవాహం పెరిగితే రేడియేటర్ ఒక కొస నుంచి రెండో కొస దాకా వేడిగానే ఉంటుంది. రేకుకూ గాలికీ మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి వేడి ఎక్కువ పోతుంది. ఇది డిప్లొమా మొదటి ఏడాది పాఠం. మేస్త్రీల కిటుకులు పిల్లల బుర్రల్లోకి ఎక్కించకండి.

బోరునీళ్లు
పాఠాలు మీ దగ్గరే ఉంచుకోండి. థర్మోస్టాట్ తీసేసి ఏమీ పెట్టని బండ్లు పొంగడం నా కళ్లతో చూశాను. బిళ్ల వేయగానే అవే బండ్లు దారికి వచ్చాయి. దానికి మీ కండెన్సర్ ఏమంటుంది?

టర్బైన్_తాతయ్య
కళ్లతో చూసింది వేరు, కారణం తెలియడం వేరు.

మిషిగన్_818
అన్నలూ, ఆ గొడవ తర్వాత. కొవెంట్రీ తమ్ముడూ, నీకు అసలు శత్రువు గాలి బుడగ. నాది ఫ్యాక్టరీ ఫైవ్ 818 కిట్ కారు, సుబారు ఇంప్రెజా ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు. మధ్యలో కారు పొడుగునా నేల కింద రెండు పైపులు. ముక్కు జాకీ మీద ఎత్తి నింపాను, తోక ఎత్తి నింపాను, గొట్టాలు చేత్తో పిసికాను. బుడగ మాత్రం ఎక్కడో నక్కి కూర్చునేది. చివరికి వాక్యూమ్‌తో నింపే పరికరం తెచ్చాను. కంప్రెసర్‌కు తగిలిస్తే వ్యవస్థలోని గాలినంతా లాగేస్తుంది. గొట్టాలు చప్పగా నొక్కుకుపోతాయి, చూస్తే భయం వేస్తుంది, భయపడవద్దు. ముల్లు కదలకుండా కాసేపు నిలబడిందంటే ఎక్కడా లీకు లేదన్నమాట. అప్పుడు మీట తిప్పితే కూలెంట్‌ను డబ్బాలో నుంచి అదే పీల్చుకుంటుంది. నా గ్యారేజీలో ఇంతకంటే సంతోషపడిన సాయంత్రం లేదు. ఇక్కడి చలికి సగం గ్లైకాల్ (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం), సగం నీళ్లు తప్పనిసరి. ఆ పాళ్లలో కలిపితే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు.

కరి_ట్రాక్_కుర్రాడు
మాకు గ్లైకాల్ నిషేధం అన్నా. ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ విద్యార్థులు కట్టిన రేసు కార్ల పోటీ) నిబంధనల్లో ఇంజిన్‌కు ఉత్త నీళ్లే పోయాలి. గ్లైకాల్ ట్రాక్ మీద ఒలికితే వెనక వచ్చే కార్లు జారిపోతాయని. పొంగిన నీళ్లు పట్టడానికి క్యాచ్ ట్యాంకు కూడా ఉండాలి. వ్యవస్థలో ఉన్న నీటిలో పదో వంతు లేదా 900 మిల్లీలీటర్లు, ఏది ఎక్కువైతే అది పట్టాలి. కోయంబత్తూరు కరి ట్రాక్‌లో ఫార్ములా భారత్‌కు కేటీఎం 390 ఇంజిన్‌తో వెళ్లాం. మా సీనియర్లు రేడియేటర్‌ను పక్క పాడ్‌లో పడుకోబెట్టారు. అందంగా ఉండేది, గాలి మాత్రం తగిలేది కాదు. ఇంతకూ ఇలాంటి కిట్ కారు ఇంట్లో కట్టుకుని మన దగ్గర రోడ్డు మీద తిప్పవచ్చా?

బోరునీళ్లు
తిప్పలేవు. తయారీదారు ఇచ్చిన బండినే మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అలాంటిది ఇంట్లో వెల్డింగు పెట్టి కట్టిన కారుకు రిజిస్ట్రేషన్ ఎవరిస్తారు? ట్రాక్ మీద ఆడుకో.

గాలిపటం_లీడ్స్
తాతయ్య గారు చెప్పిన ప్రవాహం లెక్క సరైనదే. బోరునీళ్లు గారు చూసింది కూడా నిజమే. ఇద్దరూ బైపాస్‌ను, అంటే రేడియేటర్‌కు పోకుండా నీళ్లు ఇంజిన్‌లోనే తిరిగే దారిని, మరిచిపోయారు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులు. రేడియేటర్ దారి తెరవడం ఒకటి, అదే సమయంలో అడుగున ఉన్న పళ్లెంతో బైపాస్ దారి మూయడం రెండోది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లు రేడియేటర్ గుమ్మం తొక్కకుండానే తిరిగి పంపులోకి పోతాయి. అందుకే పొంగుతుంది. పైగా థర్మోస్టాట్ అడ్డుగా ఉన్నందువల్ల బ్లాకులో ఒత్తిడి నిలుస్తుంది, ఎగ్జాస్టు వాల్వుల చుట్టూ నీళ్లు మరిగి ఆవిరి పొర కట్టకుండా కాపాడుతుంది. రేకు బిళ్ల ఆ ఒత్తిడి నిలిపే పని కొంత చేసింది, అంతే. వేడి వదిలే తీరిక కథ కాదు.

నాది రోవర్ కె-సిరీస్ ఇంజిన్. అందులో థర్మోస్టాట్ ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే వైపు ఉంటుంది. బైపాస్‌లో వేడి నీళ్లు తిరగకపోతే దానికి వేడి తగలదు, తెరుచుకోదు. దాని హెడ్డు గాస్కెట్ కాలిపోయినవాళ్లను ఎవరినైనా అడగండి.

టర్బైన్_తాతయ్య
అమ్మా, బైపాస్ సంగతి నాకు తెలియక కాదు. అడిగితే చెప్పేవాడిని.

బోరునీళ్లు
అడగకుండా డిప్లొమా పాఠం మాత్రం చెప్పారు!

టర్బైన్_తాతయ్య
మీరు మీ అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్‌కు, బ్రిటిష్ కంపెనీ బీఎంసీ కాలం నాటి దానికి, చేసిన వైద్యం తీసుకొచ్చి అల్యూమినియం హెడ్డు ఉన్న ఇంజిన్‌కు చేయమంటే చెప్పక తప్పదు. ఇనుప హెడ్డు దెబ్బలు ఓర్చుకుంది. ఇది వంగిపోతుంది. వంగితే కొవెంట్రీ బాబుకు మీ మేస్త్రీ డబ్బులు కడతారా?

బోరునీళ్లు
మా మేస్త్రీని మధ్యలోకి లాగితే బాగుండదు. కండెన్సర్ పక్కన కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడం వేరు, బానెట్ కింద చేయి పెట్టి కాల్చుకోవడం వేరు.

నిర్వాహకుడు
ఇద్దరికీ మనవి. మేస్త్రీలనూ ఉద్యోగాలనూ వదిలేసి పైపుల గురించి రాయండి. తర్వాతి విసురు తొలగించబడుతుంది.

మెల్‌బోర్న్_మావయ్య
విద్యుత్ పంపు పెడితే ఈ గొడవే ఉండదు. మా ఊరి డేవిస్ క్రెయిగ్ వారివి 80, 115 లీటర్ల రకాలు దొరుకుతాయి, నిమిషానికి. దాని కంట్రోలర్ ఉష్ణోగ్రతను బట్టి పంపు వేగం తానే మారుస్తుంది, థర్మోస్టాట్ తీసేయాలి. ఇంజిన్ ఆపాక కూడా కాసేపు నీళ్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఆపిన తర్వాత వేడి ఎగబాకడం ఉండదు. నా డాట్సన్‌లో ఏళ్లుగా నిక్షేపంగా ఉంది.

గాలిపటం_లీడ్స్
ఎంఎక్స్-5లో అసలు పంపును నడిపేది ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్టు మావయ్య గారూ. దాని ఇంపెల్లర్ (నీళ్లు తోసే చక్రం) కోసి, పంపు ఒళ్లు అక్కడే ఉంచి, కొత్తది వేరే చోట పెట్టి, దానికి వైర్లు లాగి... సెవెన్‌కు అంత అవసరం లేదు.

మెల్‌బోర్న్_మావయ్య
అవసరం లేకపోవడం వేరు, బాగుండటం వేరు అమ్మాయ్.

కొవెంట్రీ_గ్యారేజీ
అందరికీ ధన్యవాదాలు. థర్మోస్టాట్ తీయడం లేదు, అసలు నేను అడిగింది కూడా అది కాదు. హీటర్ గొట్టం?

గాలిపటం_లీడ్స్
మూయవద్దు. ఈ ఇంజిన్ మొదట ముందు చక్రాలతో నడిచే మాజ్డా 323 కారులో అడ్డంగా ఉండేది. ఎంఎక్స్-5 కోసం నిలువుగా తిప్పినప్పుడు వేడి నీటి దారిని హెడ్డు ముందు కొసకు, పంపు ఉన్న వైపుకే తెచ్చారు. దాంతో వెనక ఉన్న నాలుగో సిలిండర్ దగ్గర నీళ్లు కదిలేదే హీటర్ గొట్టం దయవల్ల. దానికి బిరడా వేస్తే అక్కడ వేడి పేరుకుపోతుంది. కనీసం హీటర్‌కు పోయే గొట్టాన్నీ తిరిగి వచ్చే గొట్టాన్నీ ఒక వంపు ముక్కతో కలిపేయండి. ఇంకా మేలు కావాలంటే థర్మోస్టాట్‌ను హెడ్డు వెనకకు మార్చే కిట్లు ఉన్నాయి. వెనక నుంచి పొడవాటి గొట్టం రేడియేటర్‌కు వస్తుంది, ముందు దారి మూసేస్తారు. కానీ సెవెన్‌లో హెడ్డు వెనక భాగానికీ ఫైర్‌వాల్‌కూ (ఇంజిన్‌కూ కూర్చునే చోటుకూ మధ్య గోడ) మధ్య చేయి పట్టదు, కొలిచి చూసుకోండి.

ఇంకొకటి. డ్రైవరు ముందు అద్దం పెడుతున్నారా? పెడితే ఐవీఏలో దాని మీద మంచు పొర పోగొట్టే ఏర్పాటు చూపించాలి. వేడి తీగలున్న అద్దం వేస్తే హీటర్ లేకుండా గట్టెక్కవచ్చు.

మిషిగన్_818
సిలికాన్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. రంగు చూసి మోసపోవద్దు. మామూలు స్క్రూ క్లిప్పుల బద్దీలో చీలికలుంటాయి. మెత్తటి సిలికాన్ ఆ చీలికల్లోంచి పైకి పొంగి తెగుతుంది. లోపలి వైపు నున్నటి పట్టీ ఉన్న క్లిప్పులు కొను. నూనె తగిలితే ఉబ్బుతుంది కాబట్టి ఆయిల్ ఫిల్టర్ కింద నుంచి పోనివ్వకు. నీటి ఆవిరి దాని గోడలోంచి మెల్లగా పోతుంది, లీకు కనిపించకుండానే మట్టం కాస్త తగ్గుతుంది, కంగారు పడకు. అల్యూమినియం పైపు కొసలకు బీడు (చుట్టూ ఉబ్బెత్తు అంచు) లేకపోతే ఒత్తిడికి గొట్టం ఊడి వస్తుంది. బీడు రోలర్ దొరక్కపోతే వెల్డరు చేత అంచు చుట్టూ సన్నని గీతలా వెల్డు వేయించి, ఆకురాయితో గరుకు పోగొట్టు. గరుకు మిగిలితే గొట్టం లోపలి పొరను కోసేస్తుంది. పంపులోకి నీళ్లు పీల్చుకునే వైపు గొట్టం పొడుగ్గా మెత్తగా ఉంటే లోపల స్ప్రింగు పెట్టు, లేకపోతే వేగంలో చప్పగా మూసుకుపోతుంది.

కరి_ట్రాక్_కుర్రాడు
మా దగ్గర వెల్డరు బీడు వేస్తూ పైపుకే చిల్లు పెట్టాడు. పలుచటి అల్యూమినియం ఇచ్చేముందు అతనికి ఒక పనికిరాని ముక్క ఇచ్చి వేయించి చూడండి.

బోరునీళ్లు
నీళ్ల సంగతి కూడా చెప్పండి. బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌ను కోసి చూస్తే గొట్టాల్లో సున్నం పెళ్లలు కడుతుంది. నా పేరు చూసి నవ్వకండి, నేను పోసేది బ్యాటరీ నీళ్లే. ఈ విషయంలో తాతయ్య గారు కూడా కాదనరనుకుంటాను.

టర్బైన్_తాతయ్య
కాదనను. బాయిలర్‌లో వాడే నీటికి మేము పడే తపన మీకు తెలిస్తే ఆశ్చర్యపోతారు. అల్యూమినియం రేడియేటర్, ఇనుప బ్లాకు ఒకే నీటిలో ఉంటే మెత్తటిది తుప్పు పడుతుంది. మంచు పడని ఊరిలోనైనా తుప్పు నిరోధకం కోసం కూలెంట్ పోయాల్సిందే. రెండు రకాల కూలెంట్లు కలపకండి, కొన్ని జోడీలు జిగురుగా మారతాయి.

గాలిపటం_లీడ్స్
ట్యాంకు మాట మళ్లీ గాలికి పోయింది. ఫైర్‌వాల్ మీద, బానెట్ కింద ఎంత ఎత్తు దొరికితే అంత ఎత్తులో పెట్టండి. మట్టం హెడ్డు కంటే, రేడియేటర్ కంటే పైన ఉండాలి. ఒత్తిడి మూత ఆ ట్యాంకు మీదే. రేడియేటర్ మీద మూత ఉంటే దానికి గుడ్డి మూత (ఒత్తిడి వదలని మామూలు మూత) వేయండి, లేకపోతే నింపడానికి తెరిచిన ప్రతిసారీ ఇంజిన్‌లోని నీళ్లు నేల మీదే. ట్యాంకు అడుగు నుంచి లావు గొట్టం పంపు పీల్చే వైపుకు, దారిలో ఎక్కడా పైకి లేచి మళ్లీ దిగకుండా. ఒత్తిడి అన్నిటికంటే తక్కువ ఉండేది అక్కడే, మరిగే ప్రమాదమూ అక్కడే. ఇక రేడియేటర్ పైమూల నుంచి ఒకటి, హెడ్డు ఎత్తైన చోటు నుంచి ఒకటి, సన్నటి గాలి గొట్టాలు ట్యాంకు పైభాగంలోకి. అవి లావుగా ఉంటే వేడి నీళ్లు రేడియేటర్‌ను తప్పించుకుని ట్యాంకులోంచే తిరుగుతాయి. లోపల సన్నటి చిల్లున్న అడ్డు పెట్టండి. థర్మోస్టాట్ అంచున ఊగే చిన్న పిన్ను ఉంటే అది పైకి ఉండేలా బిగించండి, గాలి అక్కడి నుంచే పోతుంది.

మీరంతా నీళ్ల గురించి కొట్టుకుంటున్నారు, గాలిని ఎవరూ పట్టించుకోలేదు. సెవెన్ ముక్కులో రేడియేటర్ చుట్టూ సందులుంటే గాలి ఆ సందుల్లోంచే పోతుంది, రెక్కల మధ్య దూరదు. అల్యూమినియం రేకు, స్పాంజీ పట్టీ పెట్టి నాలుగు వైపులా మూసేయండి. నా కారులో ట్రాఫిక్ వేడి దానితోనే సగం తీరింది.

కొవెంట్రీ_గ్యారేజీ
ఇదే కావలసింది, చాలా థ్యాంక్స్ అక్కా. వెనక ఉన్న సందు కొలిచాను, థర్మోస్టాట్ వెనకకు మార్చే కిట్ పట్టదు. హీటర్ గొట్టాన్ని వంపు ముక్కతో కలిపేస్తాను. ట్యాంకు మూత ఎంత ఒత్తిడిది తీసుకోవాలి? ఫ్యాను స్విచ్చి మాటేమిటి?

మెల్‌బోర్న్_మావయ్య
1 బార్ మూత చాలు. ఉత్త నీళ్లే 120 డిగ్రీల దాకా మరగవు. ఎక్కువ ఒత్తిడిది పెడితే పాత గొట్టాల బలహీనత బయటపడుతుంది. విద్యుత్ పంపు పెడితే స్విచ్చి గొడవే లేదు, కంట్రోలరే ఫ్యానును నడుపుతుంది.

కరి_ట్రాక్_కుర్రాడు
స్విచ్చి పోయే వైపు పెట్టండి అన్నా. రేడియేటర్ తన పని చేయలేకపోతున్నప్పుడే ఫ్యాను తిరుగుతుంది. వచ్చే వైపు పెడితే హైవే మీద కూడా ఊరికే తిరుగుతూ ఉంటుంది. మీ పోలో రేడియేటర్‌కే స్విచ్చి రంధ్రం ఉండాలి, చూడండి.

టర్బైన్_తాతయ్య
వచ్చే వైపు పెట్టాలి. ఇంజిన్ ఎంత వేడిగా ఉందో తెలిసేది అక్కడే.

బోరునీళ్లు
డ్యాష్‌బోర్డు మీద చేతి స్విచ్చి కూడా ఒకటి పెట్టండి. మా మేస్త్రీ అదే పెడతాడు.

కొవెంట్రీ_గ్యారేజీ
రంధ్రం ఉంది, పోయే వైపే. అక్కడే బిగిస్తున్నాను, పక్కన చేతి స్విచ్చి కూడా. ఇక ఆయిల్ కూలర్ విషయం: రేడియేటర్ ముందు పెట్టాలా, వెనక పెట్టాలా?

టర్బైన్_తాతయ్య
ముందు.

బోరునీళ్లు
ఆయిల్ కూలర్ ఎందుకండీ, పీకేయండి.

నిర్వాహకుడు
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.