టాప్-10 పిక్‌ని పచ్చి కుర్రాడి మీద పెట్టొచ్చా?

పెన్నాతీరం:
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీమ్‌లు వరసగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ గురించి మూడు ప్రశ్నలు. ఒకటి, కాలేజీలో 13, 17 మ్యాచ్‌లు మాత్రమే స్టార్ట్ చేసిన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) మీద టాప్-10 పిక్ (ఎంపిక వంతు) పెట్టడం తెలివా, తెగింపా? రెండు, గాయం వల్ల కిందికి జారినవాణ్ణి రెండో రౌండ్‌లో ఎత్తుకోవచ్చా? మూడు, ఒకే డ్రాఫ్ట్‌లో ఇలాంటి పిక్‌లు ఎన్ని దాకా ఫర్వాలేదు? "జోష్ ఆలెన్‌ని చూడు" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి, దండం పెడతా.

బఫెలో_బుల్లోడు:
జోష్ ఆలెన్‌ని చూడు.

బఫెలో_బుల్లోడు:
సరే, వివరంగానే చెప్తా. వయోమింగ్ కాలేజీలో చివరి ఏడాది పాస్ కంప్లీషన్ (వేసిన పాస్‌లలో చేరినవి) 56.3 శాతం. 2018లో బఫెలో 7వ పిక్‌తో తీసుకుంది. మొదటి సీజన్ 52.8, రెండోది 58.8, 2020లో 69.2. 2024 ఎంవీపీ (ఆ సీజన్ ఉత్తమ ఆటగాడు). పచ్చి కాయని మాగబెట్టడం తెలిసినవాడికి ఇది జూదమే కాదు.

లెక్కల_మాస్టారు:
మాగింది కాబట్టి మాట్లాడుతున్నారు. కొన్న రోజు లెక్క చూడండి. 12వ పిక్‌తో పాటు 53, 56 కూడా టాంపాకి ఇచ్చి 7కి ఎక్కారు. పిక్‌లకి పాయింట్లు కట్టే పాత జిమ్మీ జాన్సన్ చార్ట్ ప్రకారం 1200, 370, 340 కలిపితే 1910. 7వ పిక్ విలువ 1500. అంటే 410 పాయింట్లు ఎక్కువ పోశారు. వెనక్కి వచ్చింది 255వ పిక్ ఒక్కటి, దాని విలువ లెక్కలోకి రాదు.

బఫెలో_బుల్లోడు:
ఎంవీపీకి 410 పాయింట్లు ఎక్కువా మాస్టారూ?

లెక్కల_మాస్టారు:
ఫలితం చూసి ధర కట్టేది జ్యోతిష్కుడు. ఇదే పద్ధతిలో శాన్‌ఫ్రాన్సిస్కో 2021లో 3వ పిక్‌కి ఎక్కి క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ని తీసుకోవడం కోసం 12వ పిక్, 2022, 2023 మొదటి రౌండ్లు, పైగా 2022 మూడో రౌండ్ మయామీకి ధారపోసింది. చార్ట్‌లో 3వ పిక్ 2200, 12వది 1200. తేడా 1000. ఆ వెయ్యికి రెండు మొదటి రౌండ్లా? లాన్స్ అక్కడ స్టార్ట్ చేసింది 4 మ్యాచ్‌లు. 2023 ఆగస్టులో డాలస్‌కి అమ్మేస్తే వచ్చింది ఒక నాలుగో రౌండ్ పిక్.

గోదారి_గట్టు:
అదే టీమ్‌కి 2022లో 262వ పిక్‌లో, అంటే డ్రాఫ్ట్ మొత్తానికి ఆఖరి పిక్‌లో, తర్వాత వాళ్ల క్వార్టర్‌బ్యాక్ అయిన బ్రాక్ పర్డీ దొరికాడు. తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఫ్రిస్కో_శీను:
అందరూ క్వార్టర్‌బ్యాక్ మీదే పడ్డారు. రెండో ప్రశ్నకి రండి. 2016లో డాలస్ 34వ పిక్‌లో జేలన్ స్మిత్‌ని తీసుకుంది. చార్ట్ విలువ 580. మోకాలు గాయం లేకపోతే టాప్-5లో పోయేవాడు. ఒక ఏడాది కూర్చోబెట్టారు, 2019లో ప్రో బౌల్ (మేటి ఆటగాళ్ల మ్యాచ్) ఆడాడు. నూటికి నూరు పాళ్లు గెలిచిన పందెం.

ఈగల్స్_ఎంకటేశు:
గెలిచిన పందెమా! 2021 అక్టోబరులో సీజన్ మధ్యలో విడుదల చేశారు కదయ్యా. మీ డాలస్ వాళ్లకి ప్రో బౌల్ అనగానే పూనకం వస్తుంది.

ఫ్రిస్కో_శీను:
విడుదల చేసింది పిక్‌ని కాదు, రెండో కాంట్రాక్ట్‌ని. 2019 ఆగస్టులో 5 ఏళ్లకి 64 మిలియన్ డాలర్ల దాకా రాసిచ్చారు. తప్పు అక్కడ. పిక్‌ని దానితో కలపకు.

ఈగల్స్_ఎంకటేశు:
ఎందుకు కలపకూడదు? మొదటి రౌండ్‌వాణ్ణి టీమ్ ఐదో ఏడాదీ ఉంచుకునే ఆప్షన్ రెండో రౌండ్‌వాడికి ఉండదు. నాలుగేళ్ల కాంట్రాక్ట్‌లో మొదటి ఏడాది గాయంతోనే పోయింది. మిగిలిన మూడింటిలో 2017 మొత్తం పాదానికి బ్రేస్‌తో, సగం వేగంతో పరిగెత్తాడు. ఇక 2018 ఒక్క మంచి సీజన్ చూసి డబ్బు పెట్టక తప్పని పరిస్థితి తెచ్చుకున్నారు. గాయపడ్డవాణ్ణి 34లో తీసుకుంటే అసలు ఖర్చు ఇదే. చవగ్గా దొరికే ఏళ్లు కోల్పోతావు.

ఫ్రిస్కో_శీను:
ఆట చూడనివాళ్లే ఇలా మాట్లాడతారు.

ఈగల్స్_ఎంకటేశు:
ఆట చూసే చెప్తున్నా. పక్కకి కదలాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక అడుగు వెనకే ఉండేవాడు.

స్పోర్ట్స్_ఫిజియో:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. మోకాలి లిగమెంట్లలో ఏసీఎల్ ఒక్కటే తెగితే 9 నుంచి 12 నెలల్లో తిరిగొస్తారు. స్మిత్‌కి ఏసీఎల్, పక్క లిగమెంట్ ఎల్‌సీఎల్ రెండూ పోయాయి, వాటితో పాటు పెరోనియల్ నరం దెబ్బతింది. ఆ నరం పనిచేయకపోతే పాదం పైకి లేవదు, వేలాడుతుంది. నరం మళ్లీ పెరిగే వేగం రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్, అంటే నెలకి ఒక అంగుళం. మోకాలి దగ్గర్నుంచి కండరం దాకా ఎంత దూరమో కొలిస్తే ఎన్ని నెలలు పడుతుందో తేలుతుంది. కానీ పూర్తిగా అతుక్కుంటుందా లేదా అన్నది ఎమ్మారైలో తెలీదు. అందులో లిగమెంట్ కనిపిస్తుంది. నరం పనితీరుకి ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష), నర్వ్ కండక్షన్ చెయ్యాలి, కొన్ని వారాల తేడాతో మళ్లీ చేసి పోల్చాలి. డాలస్‌కి ఉన్న సుఖం ఏంటంటే ఆపరేషన్ చేసింది వాళ్ల టీమ్ డాక్టరే. మిగతా 31 టీమ్‌లకి లేని సమాచారం అది.

బఫెలో_బుల్లోడు:
ఇది తెలీదు. మరి వెన్ను?

స్పోర్ట్స్_ఫిజియో:
మోకాలి కంటే వెన్నుకి నేను ఎక్కువ భయపడతా. గ్రాంకోస్కీ 2009 సీజన్ మొత్తం వెన్ను వల్ల కూర్చున్నాడు, 2010లో 42వ పిక్, తర్వాత గొప్ప ఆటగాడయ్యాడు. కేలెబ్ ఫార్లీ డ్రాఫ్ట్‌కి ముందు డిస్క్ ఆపరేషన్ చేయించుకున్నాడు, 2021లో టెనెసీ 22వ పిక్ పెట్టింది, ఫలితం దక్కలేదు. రెండూ వెన్నే, ధరలో ఇరవై పిక్‌ల తేడా. ఇండియానాపొలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు పరీక్షల్లో) చూసి ఊరుకోకూడదు, ఏప్రిల్ రీచెక్ నాటికి ఎంత మారిందో చూడాలి. రీచెక్‌లో మెరుగు లేకపోతే ఆ పేరు బోర్డు మీంచి తీసెయ్యడమే.

గోదారి_గట్టు:
ఫ్రాంక్ గోర్‌ని మరిచారు. కాలేజీలో రెండు మోకాళ్లకీ ఏసీఎల్, 2005లో మూడో రౌండ్ 65వ పిక్, కెరీర్‌లో బంతితో పరిగెత్తింది సరిగ్గా 16,000 గజాలు.

ఉప్పల్_బ్యాట్:
ఇంత అవస్థ ఎందుకు? ఐపీఎల్‌లో రాజస్థాన్ 13 ఏళ్ల వైభవ్ సూర్యవంశీకి 1.10 కోట్లు పెట్టింది, 2025లో 35 బంతుల్లో సెంచరీ. మన వైజాగ్ నితీశ్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకి కొని 6 కోట్లకి రిటైన్ చేసింది. కుర్రాళ్ల మీద పెట్టాల్సిందే.

లెక్కల_మాస్టారు:
అది వేలం, ఇది వరస. వేలంలో పందెం పోతే పోయేది పర్సులో చిన్న ముక్క. ఇక్కడ 4వ పిక్ పోతే ఆ ఏడాది మళ్లీ 4వ పిక్ రాదు.

ఉప్పల్_బ్యాట్:
డబ్బు డబ్బే కదా మాస్టారూ.

లెక్కల_మాస్టారు:
కాదు. 2010లో 1వ పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి గ్యారంటీయే 50 మిలియన్లు. 2011లో కొత్త జీతాల స్కేలు వచ్చాక 1వ పిక్ కామ్ న్యూటన్ కాంట్రాక్ట్ మొత్తం 22 మిలియన్లు. అప్పట్నుంచి తప్పిన పిక్‌ వల్ల పోయేది ప్రధానంగా డబ్బు కాదు, మూడేళ్ల కాలం.

పెన్నాతీరం:
నా మొదటి ప్రశ్న ఎవరికైనా గుర్తుందా? ఇండియానాపొలిస్ (ఇండీ) 2023లో 4వ పిక్‌తో 13 స్టార్ట్‌ల ఆంథనీ రిచర్డ్‌సన్‌ని తీసుకుంది. ఆలెన్ లాగా మాగలేదేం?

బఫెలో_బుల్లోడు:
చుట్టూ ఏం పెట్టారన్నది చూడాలి. బఫెలో 2019లో సెంటర్ మిచ్ మోర్స్‌ని, రిసీవర్లు జాన్ బ్రౌన్, కోల్ బీస్లీలని తెచ్చింది. 2020లో మొదటి రౌండ్ పిక్ ఇచ్చి స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చింది. అన్నేళ్లూ ఒకే అఫెన్స్ కోచ్, డేబోల్. బేసి అడుగులు వేసేవాడికి ఏటా కొత్త ప్లేబుక్ ఇస్తే ఫుట్‌వర్క్ దిద్దేదెప్పుడు?

గోదారి_గట్టు:
ఇండీలోనూ కోచ్ మారలేదు బుల్లోడా. హెడ్ కోచ్ స్టైకెన్ మొదట్నుంచీ ఉన్నాడు. ఆ వాదన చెల్లదు.

బఫెలో_బుల్లోడు:
...సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటా.

లెక్కల_మాస్టారు:
కారణం తక్కువ బంతులు. 2023లో రిచర్డ్‌సన్ ఆడింది 4 మ్యాచ్‌లు, 84 పాస్‌లు, ఆపైన భుజానికి ఆపరేషన్. 2024లో పాస్ కంప్లీషన్ 47.7 శాతం. ఆడితేగాని నేర్చుకోని కుర్రాడు ఆడనేలేదు. పచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటే రెండు దారులే. కాన్సాస్ సిటీ వాళ్లు మహోమ్స్‌ని అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టి 2017లో ఒక్క మ్యాచ్ ఆడించారు, గ్రీన్ బే వాళ్లు జోర్డన్ లవ్‌ని మూడేళ్లు ఆపారు, అది ఒక దారి. లేదా దించి, మొదటి ఏడాది అతన్ని రన్ ప్లేలకి (బంతితో పరిగెత్తడానికి) వాడటం తగ్గించి, పాస్‌లు వేయించాలి. కొత్తవాడికి దెబ్బలు తగిలించి గాయమయ్యాక బెంచీ మీద పెట్టడం రెండింటికీ చెడ్డ దారి. ఇంకోటి: క్వార్టర్‌బ్యాక్ లామర్ జాక్సన్‌ని బాల్టిమోర్ 32వ పిక్‌కి ఎక్కి తీసుకుంది. 33లో (రెండో రౌండ్ మొదట్లో) అయితే ఐదో ఏడాది ఆప్షన్ పోయేది. నిదానంగా ఎదిగేవాడికి ఆ ఒక్క ఏడాదే ప్రాణం. పచ్చి కుర్రాడిని 35–40 మధ్య తీసుకోవడం కంటే 28–32 మధ్యకి ఎక్కడం మేలు.

ఈగల్స్_ఎంకటేశు:
ఆ 32వ పిక్ అమ్మింది మా ఈగల్సే. గుర్తు చెయ్యకండి.

ఫ్రిస్కో_శీను:
హహ, ఇప్పుడు చెప్పు ఆట ఎవరు చూడట్లేదో.

పెన్నాతీరం:
మూడో ప్రశ్న?

స్పోర్ట్స్_ఫిజియో:
గాయం కేసు ఒకటి, పచ్చి కుర్రాడు ఒకడు. రెండూ మొదటి మూడు రౌండ్లలోనే పడకూడదు. టీమ్‌లో ఉండే 53 మందిలో కూర్చోబెట్టే చోట్లు తక్కువ. కాలేజీ గాయమైతే నాన్-ఫుట్‌బాల్ ఇంజరీ లిస్టులో పెడితే 53లో లెక్కకి రాడు, పచ్చి కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు.

ఈగల్స్_ఎంకటేశు:
శీనూ, ఇంకో మాట. 34వ పిక్ విలువ 580 కాదు, 560. 580 అనేది 33కి.