ఎంపీహెచ్ అయ్యాక డీఆర్‌పీహెచ్ చేయాలంటే అసలేం అడుగుతారు?

అమలాపురం_బీడీఎస్:

అందరికీ నమస్కారమండి. బీడీఎస్ తర్వాత హైదరాబాద్‌లో ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ, చేశాను. కొన్నేళ్ళుగా కోనసీమలో ఫైలేరియా పనిలో కాంట్రాక్టు కన్సల్టెంటుగా ఉన్నాను. పని ఇష్టమే గానీ, పైన ఎవరో తీసుకున్న నిర్ణయాన్ని ఊళ్ళకి మోసుకెళ్ళడంతోనే సరిపోతోంది. నిర్ణయం జరిగే గదిలో కూర్చోవాలని ఉంది. అందుకే డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (డీఆర్‌పీహెచ్) గురించి చదువుతున్నాను.

ఎక్కువగా ఆలోచనలో పడేసిన సంగతొకటి చెబుతాను. పోయినసారి ఫైలేరియా మాత్రల పంపిణీలో ఓ లంక ఊళ్ళో ఆశా కార్యకర్తతో ఇల్లిల్లూ తిరిగాను. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి మూడు డీఈసీ (ఫైలేరియా మందు), ఒక ఆల్బెండజోల్ (నులిపురుగుల మందు), మన ఎదురుగానే మింగించాలి. పరగడుపున వెయ్యకూడదు. ఒక పెద్దాయన నాలుగు మాత్రలూ చేతిలోకి తీసుకుని, "అన్నం తిన్నాక వేసుకుంటానమ్మా" అని చొక్కా జేబులో పడేసుకున్నారు. వేలికి మార్కరు గీత పడింది, రిజిస్టర్లో టిక్కు పడింది. పక్కింట్లోనూ అదే తంతు. సాయంత్రానికి మా కాగితాల్లో ఆ ఊరు మింగేసింది.

సరే, నా సందేహాలు. ఇక్కడి ఎంపీహెచ్ విదేశాల్లో చెల్లుతుందా? కాంట్రాక్టు ఉద్యోగాన్ని అనుభవంగా లెక్కేస్తారా? జీఆర్‌ఈ రాయాలా? ఉద్యోగం వదలకుండా చేయొచ్చా? మావారు "దగ్గర్లో పీహెచ్‌డీ చేసెయ్యొచ్చుగా" అంటున్నారు. మా అత్తగారికైతే పళ్ళ డాక్టరుకి ఈ దోమల గోలేమిటో ఇప్పటికీ అంతుబట్టలేదు.

పాలకొల్లు_కౌంటీ:

అమ్మా, మాది పాలకొల్లు పక్కనే. అమెరికాలో ఒక కౌంటీ ఆరోగ్య శాఖలో పనిచేస్తూనే పార్ట్‌టైమ్‌లో ఈ డిగ్రీ చేశాను. జీఆర్‌ఈ సంగతి అన్నిటికన్నా చిన్నది, చాలా చోట్ల ఇప్పుడు రాసినా రాయకపోయినా ఒకటే. మీరు దరఖాస్తు పెట్టే ఏడాది ఆ యూనివర్సిటీ వెబ్‌పేజీ చూసుకుంటే చాలు.

కాంట్రాక్టా, పర్మినెంటా అని అక్కడ ఎవరూ అడగరు. ఎన్నేళ్ళు చేశారు, ఎంతమందిని నడిపించారు, ఏది చెడితే మిమ్మల్ని నిలదీస్తారు, ఇవి చూస్తారు. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు కనీసం 3 ఏళ్ళ పూర్తికాలపు ప్రజారోగ్య అనుభవం కావాలంటారు. మిగతా చోట్ల అంకె అటూ ఇటూ అవుతుంది గానీ, కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్ళని తీసుకునే కోర్సు కాదిది. ఇండియా ఎంపీహెచ్‌తో చేరినవాళ్ళు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. దరఖాస్తు సాధారణంగా సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్ నుంచి వెళ్తుంది, మార్కుల పత్రాలు విదేశీ డిగ్రీల్ని అక్కడి చదువుతో పోల్చి చెప్పే మదింపు సంస్థకి పంపాలి. మీ యూనివర్సిటీ సీల్డ్ కవరు ఇవ్వడానికి ఎన్నాళ్ళు తిప్పుతుందో మీకే బాగా తెలుసు, ఆ పని ముందు మొదలెట్టండి.

ఇక అసలు విషయం. అమెరికాలో ప్రజారోగ్యం చెప్పే ఈ బడులకి గుర్తింపు ఇచ్చేది సీఈపీహెచ్ అనే మండలి. డీఆర్‌పీహెచ్ విద్యార్థి 20 మూల సామర్థ్యాలు చూపించాలని 2016 ప్రమాణాల్లో పెట్టారు. వాటిని నాలుగు గంపలుగా వేశారు: డేటా విశ్లేషణ ఒకటి, నాయకత్వం-యాజమాన్యం-పాలన ఒకటి, విధానాలు-కార్యక్రమాలు ఒకటి, సిబ్బందికి శిక్షణ ఒకటి. అంటే గణాంకాలు ఎంత బాగా వచ్చినా ఒక్క గంపే నిండుతుంది. బడ్జెట్ ఎలా వేస్తారు, ఇష్టం లేని శాఖని ఒప్పించడం ఎలా, ఇలాంటివాటి మీదే నా కోర్సులు సగానికి పైగా నడిచాయి.

వీటికి తోడు రెండు పనులు తప్పవు. ఒకటి, ఏదైనా సంస్థకి నిజంగా పనికొచ్చే ప్రాజెక్టు చేసి ఇవ్వాలి. రెండోది చివర్లో రాసే గ్రంథం, అది క్షేత్రంలోంచే పుట్టాలి. పీహెచ్‌డీలో కొత్త జ్ఞానం ఏం తెచ్చావని అడుగుతారు. ఇక్కడ అడిగేది, నీ పని వల్ల ఆ ఆఫీసులో ఏం మారుతుందని. హార్వర్డ్‌లో 2014లో మొదలైన కోర్సులో మూడో ఏడాది విద్యార్థిని ఒక సంస్థలోకి పంపి అక్కడి సమస్య మీదే పనిచేయిస్తారు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో అయితే ముందు ఒక సంస్థలో ఉండి అది ఎలా నడుస్తుందో విశ్లేషించాలి, థీసిస్ ఆ తర్వాతే.

నా మటుకు నేను మా కౌంటీలో క్షయ రోగుల ఇళ్ళలోవాళ్ళ జాబితా ఏ బల్ల దగ్గర ఆగిపోతోందో వెతికాను. క్లినిక్ నర్సు ఫ్యాక్స్ పంపుతుంది, మా వైపు గుమస్తా దాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ కొడతాడు, ఫోన్ నంబరు లేకపోతే పక్కన పెడతాడు. ఆ పక్కన పెట్టిన దొంతరే నా థీసిస్ అయింది. అందులో సూక్ష్మజీవి గురించి రాసింది బహుశా రెండు పేజీలు.

మీ పెద్దాయన చొక్కా జేబు అంతకన్నా మంచి సమస్యమ్మా. మాత్ర చేతికి అందడానికీ గొంతు దిగడానికీ మధ్య ఏం జరుగుతోంది? ఆశాకి ఒక్క పూటలో ఎన్ని ఇళ్ళు అప్పజెప్పారు? అన్నం వేళకి కాకుండా ఎందుకు వెళ్తోంది? టిక్కు తక్కువ పడితే ఎవరు ఎవరిని తిడతారు? ఫైలేరియా పురుగు జీవితచక్రం జోలికి పోవద్దు, అది పీహెచ్‌డీ వాళ్ళకి వదిలెయ్యండి.

ఒక్క హెచ్చరిక. ఆ రిజిస్టర్లు మీవి కావు. వాటిని వాడుకోడానికి మీ ఆఫీసు రాతపూర్వక అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం రెండూ కావాలి. నోటిమాట అనుమతి ఇచ్చిన అధికారి బదిలీ అయిపోయి, థీసిస్ మధ్యలో ఆగిపోయిన మనిషిని నేనెరుగుదును. అందుకే ఉద్యోగం వదలొద్దంటాను. వదిలేస్తే ఆ గుమ్మం లోపలికి రానిచ్చేవాళ్ళుండరు.

కాకినాడ_ఎస్పీఎం:

పై మాటలన్నీ సరైనవే గానీ, ఇంటికొచ్చాక పరిస్థితి కూడా చెప్పాలి కదా. నేను మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాను. మా విభాగంలో ప్రొఫెసరు కావాలంటే ఎంబీబీఎస్ మీద ఎండీ చూస్తారు, బీడీఎస్, డీఆర్‌పీహెచ్‌తో ఆ కుర్చీ రాదు. ఇక్కడి ప్రభుత్వ నోటిఫికేషన్లలో ఈ డిగ్రీ పేరు నాకెప్పుడో గానీ కనపడలేదు. పాఠం చెప్పాలనో యూనివర్సిటీలో పరిశోధన చేయాలనో ఉంటే మీవారన్నట్టు పీహెచ్‌డీయే మేలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకి 5 శాతం సడలింపు ఉంది. కనీసం 3 ఏళ్ళు, మామూలుగా 6 ఏళ్ళలోపు ముగించాలి, కోర్సువర్కు 12 క్రెడిట్లకి తగ్గకూడదు. అంతర్జాతీయ సంస్థలు, పెద్ద ఎన్జీవోలు, కార్యక్రమ నిర్వహణ వైపు చూస్తుంటే మాత్రం పాలకొల్లు గారి దారే.

భీమవరం_రాత్రిబడి:

నేను ఆన్‌లైన్‌లో ఇలాంటి కోర్సులోనే ఉన్నానండి. తూర్పు అమెరికాలో సాయంత్రం 6 గంటల క్లాసంటే మనకి వేసవిలో తెల్లారుజామున 3:30, చలికాలంలో 4:30. మా ఇంట్లో రొయ్యల చెరువుకి మేత వేసేవాళ్ళకన్నా ముందు లేచేది నేనే. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు గనక నేనెత్తుతున్నా: పార్ట్‌టైమ్ వాళ్ళకి స్కాలర్‌షిప్పులు చాలా తక్కువ, ఫీజు క్రెడిట్ లెక్కన డాలర్లలో. రొయ్యకి మంచి రేటున్న ఏడాది చూసుకుని ఫీజు లెక్కలు వేసుకోకండి. నాలుగేళ్ళూ అదే రేటుండదు.

అమలాపురం_బీడీఎస్:

అందరికీ ధన్యవాదాలండి. ఎస్పీఎం గారూ, పాఠం చెప్పే ఆశ నాకు లేదు, కాబట్టి ఆ కుర్చీ బాధ లేదు. పాలకొల్లు గారూ, ఇంకొక్కటి. సిఫారసు లేఖలు ఎవరిచేత రాయించాలి? మా పైఅధికారి సంతకం పెడతారు గానీ "మీరే రాసి తెచ్చుకోండి" అంటారు.

పాలకొల్లు_కౌంటీ:

అందరూ అంతే అంటారమ్మా. ఒకటి మీ ఎంపీహెచ్ గైడు చేత రాయించండి. మిగతావి మీ పనిని కళ్ళారా చూసినవాళ్ళవి, పదవి చిన్నదైనా ఫర్వాలేదు. మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు ఆ లంకకి ఎప్పుడైనా మీతో పడవెక్కి ఉంటే ఆయన్నే అడగండి. "కష్టపడే స్వభావం" లాంటి మాటలు వద్దని చెప్పండి. ఫలానా ఊళ్ళో మాత్రలు వద్దని జనం తిరగబడితే ఈవిడ వెళ్ళి ఏం చేసింది, తర్వాత ఏమైంది, ఆ ఒక్క సంగతి ఆయన మాటల్లోనే రాయమనండి. ఇంగ్లీషు అటూ ఇటూగా ఉన్నా దిద్దకండి. దరఖాస్తులు మామూలుగా చలికాలంలో ముగుస్తాయి కాబట్టి దసరా లోపే అడిగెయ్యండి, తర్వాత సంక్రాంతి దాకా ఎవరూ దొరకరు.