అమ్మకాల టార్గెట్ ఉన్న ఫీల్డ్ ఆఫీసర్ చెప్పే సలహా నమ్మొచ్చా? మిర్చి ఏరియా వాళ్ళు చెప్పండి

బండి మీద అగ్రి (సత్తెనపల్లి)
నమస్తే అండీ. పల్నాడులో ఒక పురుగుమందుల కంపెనీకి తొమ్మిదేళ్ళుగా ఫీల్డ్ ఆఫీసర్‌గా చేస్తున్నా. పొద్దున ఆరింటికి బండి తీస్తే క్రోసూరు, అచ్చంపేట, అమరావతి తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది, 120 కిలోమీటర్లు అవుద్ది. చేలో నిలబడి జీపీఎస్ ఫోటో పెడితేనే ఆ రోజు డ్యూటీ లెక్క. మొన్న ఒక పెద్దాయన మిరప తోటలో పది పూలు తెంపి తెల్ల కాయితం మీద దులిపా, నల్ల తామర పురుగులు రెండో మూడో పడ్డాయి అంతే. ఇప్పుడేం కొట్టొద్దు బాబాయ్, నీలం జిగురట్టలు కట్టు, నాలుగు రోజులాగి చూద్దాం అన్నా. సాయంత్రం మేనేజర్ ఫోన్, ఆ ఊళ్ళో లిక్విడేషన్, అంటే షాపుల్లో ఉన్న మా సరుకు రైతులకి అమ్ముడవటం, ఎందుకు లేదని. సలహా చెప్పేదీ సీసా అమ్మేదీ ఒకే మనిషి అవటం తప్పని నా అభిప్రాయం, రెండూ విడదీయాలి. మీరేమంటారు?

కౌలు రైతు (క్రోసూరు)
విడదీస్తే మా చేలోకి ఎవరొస్తారు తమ్ముడూ? 2021లో ఆ నల్ల పురుగొచ్చి పూత మొత్తం రాలిపోయి మూడెకరాలు దున్నేసుకున్నా. అప్పుడు చేలో దిగి చూసింది కంపెనీ కుర్రాళ్ళే. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో (అప్పట్లో ఆర్బీకే అనేవాళ్ళం) ఉన్న పిల్లోడు ఒక్కడు, వాడికి ఈ-క్రాప్‌లో పంటలు నమోదు చేసే పనే తెమలదు. అలాగని మీరంతా మంచోళ్ళని అనట్లా, అదే ఏడాది ఒకతను ఒకే ట్యాంకులో మూడు రకాలు కలిపించి వారానికి రెండుసార్లు కొట్టించాడు, ఆ అప్పు తీరటానికి రెండేళ్ళు పట్టింది. అయినా అసలు ఎవరూ రాకపోవటం కంటే వచ్చినోడే నయం.

షాపు నుంచి (నరసరావుపేట)
డీలర్‌ని. మీరిద్దరూ ఖాతా సంగతి వదిలేశారు. రైతు చేతిలో డబ్బుండదు, కాయ యార్డుకేశాక కడతాడు, అందుకని ఎవరు అప్పిస్తే వాళ్ళ మాటే వింటాడు. ఫీల్డ్ ఆఫీసర్ ఎంత మంచి చీటీ రాసినా నా దగ్గర ఆ మందు లేకపోతే ఉన్నదే ఇస్తా, ఇది నిజం. కానీ మేమూ నేర్చుకోవచ్చు. డీలర్ల కోసం హైదరాబాద్‌లోని కేంద్ర వ్యవసాయ విస్తరణ సంస్థ 'మేనేజ్' వాళ్ళు 2003లో పెట్టిన 'దేశీ' (DAESI) అనే డిప్లొమా నేను చేశా, ఏడాది కోర్సు. అది చేశాకే సీసా మీద బ్రాండ్ కాకుండా లోపల ఏ కెమికల్ ఉందో చూడటం అలవాటైంది, పేర్లు వేరైనా సరుకు ఒకటే ఉన్నవి ఎన్నో.

ఖమ్మం అగ్రి
అన్నా, నేను అగ్రి బీఎస్సీ. ఊకె కొడితే చెడ్డ పురుగుల్ని తినే మిత్ర పురుగులు సచ్చి తామర ఇంకింత పెరుగుతది, గందుకే సత్తెనపల్లి అన్న చెప్పిందే కరెక్ట్. కానీ విడదీసుడు మాటలంత అల్క కాదు. ఫీజు తీస్కొని సలహా చెప్పనీకి కేంద్రం అగ్రి క్లినిక్ స్కీమ్ 2002లనే తెచ్చింది, నేను ట్రైనింగ్ తీస్కొని ఊర్ల బోర్డు పెట్టిన. ఎకరానికి రెండొందలంటే ఒక్కరు రాలే. మందు కొంటే సలహా ఫ్రీ అని అలవాటైంది మరి. ఆఖరికి నేను గూడ మందుల షాపే పెట్టిన.

బండి మీద అగ్రి (సత్తెనపల్లి)
క్రోసూరు అన్నా, నీ మాట చదివాక రాత్రంతా ఆలోచించా. చేలోకి రావటం మానమని కాదు నేననేది, మా ఇన్సెంటివ్ సీసాల లెక్క మీద కాకుండా ఎన్ని చేలు చూశాం, మళ్ళీ వెళ్ళి చూశామా లేదా అన్న దాని మీద ఉంటే, కొట్టొద్దు అని చెప్పిన రోజు కూడా పనికిందే వస్తది కదా. అది వచ్చేదాకా నా చేతిలో ఉన్నది నోటుబుక్కే. తేదీ, పది పూలకి ఎన్ని పురుగులు, ఏం చెప్పా, కొట్టాల్సి వస్తే బ్రాండ్ పేరు లేకుండా మందు పేరు మాత్రమే రాసి చింపి రైతుకే ఇస్తున్నా, షాపు అన్నా, దాంతో మీ దగ్గరున్న ఏ కంపెనీదైనా ఇవ్వొచ్చు. నిన్న ఆ పెద్దాయన తోటకి మళ్ళీ వెళ్ళా. పురుగు పెరగలా, ఆకు కింద అక్షింతల పురుగులు, అవీ మిత్ర పురుగులే, కనపడ్డాయి, ఆయనకి చూపించా, అవి మందుకి చస్తాయా అనడిగాడు. ఇంతవరకు ఏం కొట్టలా. అన్నా, గురువారం క్రోసూరు వస్తన్నా, నీ తోటలో కూడా పూలు దులిపి చూద్దాం, సంచిలో సీసాలేమీ తేను.