ట్యాబ్‌లో చెప్పే అక్షరాలు కాగితం మీద గుర్తుపట్టడం లేదు, ఏం చేయాలి?

మా పాపకి నాలుగున్నరేళ్లు. ట్యాబ్‌లో అక్షరాల యాప్ పెడితే గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పేస్తుంది. అదే అక్షరం కాగితం మీద రాసి చూపిస్తే దిక్కులు చూస్తుంది. గమనిస్తే అర్థమైంది, అది చూసేది బొమ్మని. 'ప' పక్కనున్న పలక బొమ్మని వేలితో మూసేస్తే ఓసారి 'వ' అంటుంది, ఓసారి 'ష' అంటుంది. దిద్దడం కూడా అంతే. కింద నుంచి పైకి గీకేసినా యాప్ చప్పట్లు కొట్టి స్టార్లు ఇచ్చేస్తుంది!

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసేది రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ కాసేపైనా పనికొచ్చేలా ఉండాలి కదా అని నా టెన్షన్. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. పక్కన కూర్చుని చదివితే బాగానే వింటుంది, కళ్లు మాత్రం బొమ్మల మీదే.

చదివే మాట రంగు మారుతూ కనిపించే కథలు మీ పిల్లలకి పనికొచ్చాయా? గీత వరుస తప్పితే ఒప్పుకోని దిద్దుడు యాప్ ఏదైనా ఉందా? యాడ్స్ వచ్చేవి మాత్రం వద్దండీ. అమ్మమ్మకి ఫోన్‌లో మెసేజ్ టైప్ చేయిస్తే అక్షరాలు అవే వస్తాయని మా ఆయన అంటున్నారు. ఎవరైనా అలా చేయించి చూశారా?