జవాబు సరైనదే, మధ్యలో మెట్టు తప్పు: మార్కులు కోస్తారా?

మాస్టార్లూ, విశాఖ ద్వారకానగర్‌లో పరీక్ష రాసొచ్చిన పిల్లలంతా ఒక్క 7 మార్కుల లెక్క మీదే తగువు పడుతున్నారు. 0 నుంచి పై వరకు, (ఎక్స్ సైన్ ఎక్స్) బై (1 ప్లస్ సైన్ ఎక్స్) సమాకలని. ఎక్స్ బదులు పై మైనస్ ఎక్స్ పెట్టి కలిపితే జవాబు పై ఇంటూ (పై మైనస్ 2) బై 2, అంటే సుమారు 1.79. అందులో పేచీ లేదు.

అలా కలిపాక 1 బై (1 ప్లస్ సైన్ ఎక్స్)ని సమాకలనం చేయాల్సి వస్తుంది. చాలామంది దాన్ని సెక్ స్క్వేర్ మైనస్ సెక్ టాన్‌గా విడగొట్టి, విడివిడిగా హద్దులు వేసేశారు. పై బై 2 దగ్గర రెండూ అనంతానికి పోతాయి కదా! సమాకలనం చేస్తే వచ్చే టాన్ మైనస్ సెక్‌ని కలిపి ఉంచితేనే అక్కడ అవధి (లిమిట్) 0, 0 నుంచి పై వరకు విలువ 2. విడగొట్టినా అదే 2 రావడం వాళ్ల అదృష్టం.

పేపర్లు దిద్దినవాళ్లు చెప్పండి, దీనికి ఎన్ని మార్కులు పోతాయి? టాన్ ఎక్స్ బై 2 ప్రతిక్షేపించినవాళ్లకి పూర్తి 7 వస్తాయా?